తోడు మంజూరు విషయమై

పురపాలక సంఘం సంక్షేమ విభాగాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

ఇళ్ళలో ఒంటరిగా ఉండే పెద్దలను చూసుకునే మా సంస్థ పక్షాన ఈ విన్నపం. మార్కెట్టు వెనక సందులో, మూడో అంతస్తులో, గడియారాల మేస్త్రిగారు ఉంటారు. భార్య పోయాక ఒక్కరే. పొద్దున మా సంస్థలో పనిచేసే అమ్మాయి వెళ్ళి స్నానం, మందులు, వంట చూసి వస్తుంది. సాయంత్రమైతే ఆయన కంచం ముందు కూర్చుంటారు గాని ముద్ద ఎత్తరు. ఎదురుగా మనిషి లేకుండా తినడం ఆయనకు చేతకాదు. చిక్కి సగమయ్యారు. నెలాఖరులోగా కోలుకోకపోతే ఊరి చివర వృద్ధాశ్రమానికి తరలించక తప్పదని డాక్టరుగారు తేల్చేశారు. ఆ మాట చెబితే మేస్త్రిగారు, "ఈ కుర్చీలోంచి నేను లేవను. తీసుకెళ్తే కుర్చీతో సహా తీసుకెళ్ళండి" అన్నారు.

కావున ఆయనకు ప్రతి సాయంత్రం తోడు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన.

విధేయురాలు,
సంస్థ నిర్వాహకురాలు

తా.క.: కుర్చీ చాలా బరువు. ఎత్తి చూశాం.

*

నిర్వాహకురాలి గారికి,

అమ్మా,

తమ విన్నపము క్షుణ్ణముగా పరిశీలించడమైనది. "తోడు" అనగా గోరువెచ్చని పాలలో వేయు చెంచాడు పెరుగు అని మా పాల తనిఖీ శాఖ ధ్రువీకరించినది. వృద్ధులకు పెరుగు హితము. అందువల్ల మేస్త్రిగారికి ప్రతి సాయంత్రం తోడు మంజూరు చేయడమైనది. పాలు, గిన్నె అర్జీదారుడే సమకూర్చుకొనవలెను.

భవదీయుడు,
సంక్షేమ విభాగాధికారి

తా.క.: పులుపు ఏ మేరకు ఉండవలెనో తమ విన్నపములో లేదు. మధ్యస్థముగా భావించడమైనది.

*

అధికారి గారికి,

అయ్యా,

మీ ఉత్తరం మా ఆఫీసులో పైకి చదివాను. ఆ తరువాత కాసేపు ఎవరూ పని చేయలేకపోయారు. మేమడిగింది పాలలో వేసే తోడు కాదు. మనిషి తోడు. ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు చెప్పి, నాలుగు మాటలకు ఊ కొట్టే మనిషి. మేస్త్రిగారు నిన్న కూడా రెండు మెతుకులు కతికి కంచం పక్కకు నెట్టేశారు. నెలాఖరు దగ్గర పడుతోంది. దయచేసి పెరుగును పక్కనపెట్టి ఆలోచించగలరు.

ఇంకా ఆశ వదులుకోని,
నిర్వాహకురాలు

తా.క.: "తోడు అంటే ఏంటో తెలీదా? ఆ సారుకి అసలు పెళ్ళయిందా అమ్మా?" అని మా వంటావిడ అడుగుతోంది. ఆ ప్రశ్న మీకే పంపుతున్నాను.

*

నిర్వాహకురాలి గారికి,

అమ్మా,

"మనిషి తోడు" అను తమ వివరణ అందినది. అనగా, తోడును మనిషి స్వయముగా తీసుకొని రావలెనని గ్రహించడమైనది. ఈ కోరిక సమంజసమే. రేపటి నుండి మా పాల తనిఖీదారు ప్రతి సాయంత్రం మేస్త్రిగారి ఇంటికి వచ్చి తోడు వేయును. పాలు గడ్డకట్టుట కంటితో చూసి సంతకము చేయనిదే ఆయన అక్కడి నుండి కదలరాదు. ఇందుకు చాలాసేపు పట్టును గనుక ఆయనకు కూర్చొనుటకు చోటు చూపవలెను. భోజనపు డబ్బా ఆయనే తెచ్చుకొనును.

భవదీయుడు,
సంక్షేమ విభాగాధికారి

తా.క.: సదరు తనిఖీదారు నోరు మూతపడదు. ఈ విషయమై ఫిర్యాదులు స్వీకరింపబడవు. ఆయనను సాయంత్రాలు బయటికి పంపు మార్గము కొరకు మా కార్యాలయము చాలాకాలముగా వెదకుచున్నది.

మరొక తా.క.: వంటావిడ గారికి. అయినది.

*

అధికారి గారికి,

అయ్యా,

ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీ తనిఖీదారు వచ్చారు. గిన్నెలో తోడు వేసి, మూత పెట్టి, తన డబ్బా విప్పి తినడం మొదలుపెట్టారు. మేస్త్రిగారు చూస్తూ కూర్చున్నారు.

"ఏంటయ్యా, మొహమాటం లేకుండా ఒక్కడివే తినేస్తున్నావు?"

"నాకు లేని మొహమాటం మీకెందుకు బాబాయ్? కంచం ఇటు లాగండి."

లాగారు. తిన్నారు. ఆనాటి నుంచి రోజూ తింటున్నారు. తనిఖీదారు తన పై అధికారులందరినీ, అంటే మిమ్మల్ని కూడా, వరుసగా తిడతారు. మేస్త్రిగారు ఆయన చేతి గడియారం విప్పి బల్లమీద పరిచి, శ్రద్ధగా వింటారు. నిన్న డాక్టరుగారు వచ్చి బరువు తూచి, తరలింపు మాట ఇక అక్కర్లేదన్నారు.

అయినా నా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు. ఒక పొరపాటు మీద ఎంతకాలం నడుస్తాం? జరిగినదంతా వివరంగా రాసి, "పెరుగు" కొట్టేసి "సాహచర్యం" అని సరిదిద్దమని పురపాలక సభకు అర్జీ పెట్టబోతున్నాను. మా దగ్గరున్న ఒక రిటైర్డ్ టీచరమ్మకు చూపు మందగించింది. రోజూ పేపరు చదివి వినిపించే మనిషి కావాలని అదే అర్జీలో అడుగుతాను.

కృతజ్ఞతతో, కొంచెం సిగ్గుతో,
నిర్వాహకురాలు

తా.క.: అక్కడ పాలు ఇంతవరకు ఒక్కసారీ వేళకు తోడుకోలేదు. తనిఖీదారు చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడల్లా మేస్త్రిగారు మూత తీసి చెంచాతో కలిపేస్తున్నారట.

*

నిర్వాహకురాలి గారికి,

అమ్మా,

దయచేసి ఆ అర్జీ పంపవద్దు.

మనిషిని మంజూరు చేసే అధికారం సభకు మాత్రమే ఉంది. అటువంటి అర్జీలు సభ ముందు వరుసలో ఉన్నాయి. వాటిని పెట్టుకున్న పెద్దలలో కొందరు ఇప్పుడు వరుసలో లేరు. చెంచాడు పెరుగు మంజూరు చేసే అధికారం మాత్రం నాకే ఉంది, అదీ అదే రోజున. మీ మొదటి ఉత్తరంలో "తోడు" అన్న మాట చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంత అనుకూలమైన మాట ఇంతవరకు ఏ సంస్థా రాయలేదు. "మనిషి తోడు" అని మీరు సరిదిద్దినప్పుడు భయపడ్డాను గాని, అదీ పనికివచ్చింది.

మీ వాళ్ళు నా తెలుగును చూసి నవ్వారని తనిఖీదారు చెప్పాడు. నవ్వనివ్వండి. మీరు పొద్దున చేసే పనికి సాయంత్రం మేము అడ్డం రాకుండా ఉండాలంటే, మాలో ఎవరో ఒకరికి తెలుగు రాకపోవడం అవసరం.

మీ పనిమీద గౌరవంతో,
సంక్షేమ విభాగాధికారి

తా.క.: టీచరమ్మగారి విషయం. పేపరు చదివే మనిషి అని దయచేసి ఎక్కడా రాయవద్దు. కళ్ళజోడు కావాలని రాయండి. అది నా అధికారంలోనిదే. సాయంత్రాలు ఖాళీగా ఉండే పాత కళ్ళజోడు మా విభాగంలో ఒకటుంది. మెట్లు ఎక్కగలదు. అక్షరాలు స్పష్టంగా పలుకుతుంది. ప్రస్తుతం ఈ ఉత్తరం రాస్తోంది.