ఆ మాట కూడా రక్తమేనా బాపూ?

బాపూ,

ఎట్లున్నావని అడిగే వీలు లేకుండా పోయి ఏడాది కావస్తోంది. మేమైతే ఉన్నాం. నిన్న పెత్రమాస, పెద్దలకు పెట్టే అమావాస్య. నస్పూర్ ఇంట్లో అవ్వ నీ పేరు మీద మటన్ వండింది, విస్తరి వేసింది... కానీ నీ ఫోటో వైపు చూడలేదు.

ఎందుకో నీకు తెలుసా?

కరీంనగర్ ఆసుపత్రిలో, ఆ చివరి వారం, మందు సీసా పట్టుకొచ్చిన అవ్వను, కట్టుకున్న భార్యను చూసి అరిచావు. "గీమె ఎవ్వలు? నాకు విషం పోస్తంది. బయటకు పంపుర్రి!" వార్డంతా విన్నది. నీ మనసులో ఉన్నదే చివరికి బయటపడిందని అవ్వ నమ్మకం. అప్పటి నుంచి సరిగా తినదు.

ఈ మధ్య మా ఎమ్మెస్సీ క్లాసులో కాలేయం పాఠం వచ్చింది. పేగుల్లో పుట్టిన అమ్మోనియాను కాలేయంలో ముందున్న కణాలు యూరియాగా మారుస్తాయట. తప్పించుకున్నదాన్ని చివర ఉన్న కణాలు పట్టుకుంటాయి. రక్తంలో ఆమ్లం పెరిగితే ముందువి పని తగ్గించి వెనకవాటికి వదిలేస్తాయి, మిగతాది కిడ్నీలు చూసుకుంటాయి. అచ్చం మీ బొగ్గుబాయి షిఫ్టుల లాగే... నీ కాలేయంలో ఏ షిఫ్టుకూ మనుషులు మిగల్లేదు బాపూ.

అందుకే జబ్బు బయటపడ్డప్పుడే డాక్టర్లు నీకు ఒక సిరప్ ఇచ్చారు, విరేచనంతో అమ్మోనియా పోవాలని. నువ్వేమో డ్యూటీ రోజుల్లో ముట్టలేదు. "బాయిల దిగినంక ఏడికి పోవాలె బిడ్డా? మీదికొస్తే ఆ దినం మస్టర్ పోతది, జీతం పోతది" అన్నావు. వారమంతా మానేసి, సెలవు రోజు అంతా కలిపి తాగేవాడివి. ఎంత మొండివాడివి! ఆ విరేచనాలకు ఒంట్లో పొటాషియం పడిపోయింది, రక్తం క్షారం వైపు తిరిగింది. అలాంటప్పుడు అమ్మోనియా మెదడులోకి ఇంకా సులువుగా దూరుతుందట, మనిషి ఎవరినీ గుర్తుపట్టక ఏవేవో అంటాడట.

ఇదంతా నిన్న విస్తరి ముందే అవ్వకు చెప్పాను. తిట్టింది బాపు కాదు, ఆ పాడు రక్తం అని. ఎంత సంబరంగా చెప్పానో...

అవ్వ మెల్లగా అడిగింది. అయితే ఆ వారమే ఒక సాయంత్రం నువ్వు తన చేయి పట్టుకుని అన్న మాట కూడా రక్తమేనా అని.

"నిన్ను మస్తు పరేషాన్ చేసిన. మనసుల పెట్టుకోకు."

పెళ్లయిన ఇన్నేళ్లలో నువ్వు ఆమెతో అన్న ఒకే ఒక్క మంచి మాట. నేనూ పక్కనే ఉన్నాను. ఆ కాసేపటికే డాక్టరు వచ్చి ఎక్కడున్నావని అడిగితే ఏమన్నావో గుర్తుందా? "బాయిల ఉన్న సార్." అప్పటికి అవ్వ నీళ్లకు వెళ్లింది. అది విన్నది నేనొక్కదాన్నే.

ఆ సాయంత్రం నీ రక్తం బాగానే ఉందని అవ్వకు చెప్పాను.

అవ్వ నీ ఫోటో వైపు చూసింది. విస్తరిలో ఇంకో ముక్క వేసింది. తర్వాత తనూ తిన్నది.

పాఠం చెప్పిన మా సార్‌ను అడిగితే నిజం చెబుతారేమో... అడగను బాపూ. ఎప్పటికీ అడగను.

నీ బిడ్డ,
రజిత