పాత గదిలో పచ్చ లైటు

మహబూబ్‌నగర్
ఆదివారం

అన్నకు చెల్లె భాగ్య దండాలు.

అమ్మ, బాపు, వదిన, చిన్నది అందరూ బాగున్నారని తలుస్తాను. బాపు దగ్గు తగ్గిందా? రామన్నపేట దవాఖానకు మళ్లీ తీసుకుపోయావా, లేక "రేపు పోదాం" అనుకుంటూ ఇద్దరూ మగ్గాల మీదే కూర్చున్నారా? నేనిక్కడ బాగున్నాను. ఈ ముక్క ప్రతిసారీ రాసేదే కానీ, ఈసారి నిజంగానే బాగున్నాను. ఫోన్లో చెబుదామంటే మగ్గం చప్పుడులో నీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుని భయపడతావు. అందుకే ఉత్తరం.

పోయిన వారం నేను ఫోన్లో ఏడిస్తే నువ్వేమన్నావు? "సామాను సదురుకో, నేనొచ్చి తోల్కపోత. గా నౌకరి లేకుంటే బతకమా?" ఆ మాటకు నాకు ధైర్యం రాలేదన్నా, కోపం వచ్చింది. "ఆడపిల్లను ఒక్కదాన్నే పాలమూరుకు పంపుతరా" అని చుట్టాలందరూ అంటే అడ్డం నిలబడ్డది నువ్వే కదా! ఉద్యోగం పోయి సంచి పట్టుకుని ఇంటికొస్తే నీ ముఖం ఎట్లా చూడాలి? సరే, మొదటి నుంచి చెబుతాను.

మా కాలేజీలో కంప్యూటర్ ల్యాబులు చూసుకునేది నేనే కదా. ఇక్కడ పిల్లల ఫైళ్లు ల్యాబు కంప్యూటర్లలో ఉండవు. అన్నీ సర్వర్ అనే ఒక మిషన్‌లో ఉంటాయి. ఏ కంప్యూటర్ ముందు కూర్చుని పేరు కొట్టినా, ఎవరి ఫోల్డర్ వాళ్లకు అక్కడి నుంచి దానంతట అదే వచ్చి తెరుచుకుంటుంది. ఈమధ్య కొత్త బిల్డింగులో కొత్త సర్వర్ పెట్టారు. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించి, పాతదాన్ని నా చేత్తోనే ఆపి వచ్చాను.

అప్పుడు మొదలైంది గోల. నిన్న రాసింది ఇవాళ లేదంటారు పిల్లలు. కొందరికి మర్నాడు మళ్లీ కనబడుతుంది. శిరీష అని నారాయణపేట వైపు పిల్ల, చివరి సంవత్సరం. ప్రాజెక్టు మొత్తం పోయిందని నా ముందు నిలబడి, "ఒట్టు మేడం, నిన్న రాసిన. అబద్ధమాడుత లేను" అని ఏడ్చింది. లెక్చరర్లేమో అది పని ఎగ్గొట్టే సాకన్నారు. ప్రిన్సిపాల్ సార్ నన్ను పిలిచి, "శనివారం లోపట పిల్లల ఫైళ్లు రావాలె. రాకుంటే వేరే నౌకరి చూస్కో బిడ్డా" అన్నారు. మెత్తగానే అన్నారు, అందుకే ఇంకా గుచ్చుకుంది. ఆ రోజే నీకు ఫోన్ చేసింది.

మర్నాడు ఏడుపు మానేసి పని పట్టాను. మొదటి ల్యాబులో నా పేరుతో ఒక ఫైలు రాశాను. రెండో ల్యాబుకు పోయి చూస్తే అది లేదు. వెనక్కి వస్తే ఉంది! శిరీష అబద్ధం చెప్పలేదు, ల్యాబు మారింది, అంతే. రెండో ల్యాబు కంప్యూటర్‌ను ఈ ఫోల్డర్ ఎక్కడి నుంచి తెచ్చావని అడిగితే పాత సర్వర్ పేరు చెప్పింది. సర్వర్ మార్చిన రోజు ఆ ల్యాబులో పరీక్ష జరుగుతోంది. కంప్యూటర్లను ఆపి మళ్లీ పెట్టే వీలు లేకపోయింది, ఆ తర్వాత కూడా ఎవరూ ఆపలేదు, అవి పాత చిరునామానే పట్టుకుని కూర్చున్నాయి. అది సరే, నేను ఆపేసిన సర్వర్ జవాబెలా ఇస్తోంది?

పాత గదికి పరుగెత్తాను. కిటికీ లేని ఆ గదిలో, చీకట్లో, పచ్చ లైటు వెలుగుతోంది. అటెండర్ నర్సింహ తాత నా వెనకే వచ్చాడు.

"స్విచ్చు నేనే ఏసిన బిడ్డా. ఖాళీ జేసిన జాగల దీపం లేకుంట ఉంచొద్దు గద. బల్బేమో మాడిపోయింది. దీనికి జర లైటుంటది, గిదన్న ఎలుగనీ అని."

నాకు నవ్వు ఆగలేదన్నా. ముసలాయన బిక్కమొహం వేసి, "తప్పయిందా?" అన్నాడు.

"ఫికర్ జెయ్యకు తాతా. పోయినయనుకున్న ఫైళ్లన్నీ గిండ్లనే ఉన్నయి" అన్నాను.

రెండో ల్యాబు మూయించి, పాతదాంట్లో చేరినవన్నీ ఏరి కొత్త సర్వర్‌లోకి చేర్చాను. కంప్యూటర్లన్నీ ఆపి మళ్లీ పెట్టాను. పాత సర్వర్‌కు ఈసారి తీగే పీకేశాను. ఆ గదికి కొత్త బల్బు తెప్పించి తాత చేతనే పెట్టించాను. శుక్రవారం శిరీషను రెండు ల్యాబుల్లోనూ కూర్చోబెట్టి చూపించాను. రెండు చోట్లా ప్రాజెక్టు అక్షరం పోకుండా ఉంది. ఆ పిల్ల లేచి నన్ను గట్టిగా పట్టుకుంది. సార్ స్వయంగా వచ్చి చూసి, "గెలిచినవ్ బిడ్డా. నువ్వు యాడికి పోతవ్, గీడనే ఉండు" అన్నారు. గెలిచానన్నా! గర్వంగా ఉంది, దాచుకోను.

తిండికి ఇబ్బంది లేదు. ఇంటి ఓనరు ఆంటీ జొన్నరొట్టె చేయడం నేర్పుతోంది, నావి ఇంకా గుండ్రంగా రావడం లేదు. ఎండలు మన దగ్గర లాగానే మండుతున్నాయి. మగ్గం చప్పుడు లేని ఇంట్లో నిద్ర మాత్రం అలవాటు కాలేదు. ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మ చేత చింతకాయ తొక్కు పెట్టించి పంపు.

అమ్మకు, బాపుకు నా దండాలు, నన్ను దీవించమను. వదినను అడిగానని చెప్పు. చిన్నదానికి ముద్దులు. నువ్వు తప్పకుండా రా అన్నా, తీసుకుపోవడానికి కాదు, చూసిపోవడానికి. గేటు దగ్గర నా పేరు అడుగు. మొన్నటిదాకా ఇక్కడ నన్ను మన వైపు పేరు పెట్టి "నల్లగొండ మేడం" అనేవాళ్లు. ఇప్పుడు పిల్లలు "మా మేడం" అంటున్నారు.

నీ చెల్లె,
భాగ్య