తలదగ్గర ఉన్న మనిషి

ఫిబ్రవరి 3, శనివారం

ఈరోజు మా ఇంట్లో బైబిలు క్లాసుకి జనం బాగా వచ్చారు. కుర్చీలు చాలక మంచం కూడా ముందుగదిలోకి లాగాం.

క్లాసు చెప్పే మా ఆయన లాయరుగారి ఆఫీసులో టైపిస్టు. రోజంతా వాళ్ళవీ వీళ్ళవీ వాంగ్మూలాలు కొట్టి కొట్టి, దేవుడి సంగతి కూడా కోర్టు పద్ధతిలోనే చెబుతారు. గది మధ్యలో ఒక కుర్చీ వేస్తారు. అది సాక్షి కుర్చీ. ఒకరు అందులో కూర్చుని సువార్తలోని ఒక మనిషి తరఫున మాట్లాడాలి. మిగతావాళ్ళు ప్రశ్నలు వేయాలి. నువ్వు కళ్ళారా చూశావా? ఎవరన్నా చెబితే విన్నావా? చెప్పినందుకు నీకేం దక్కింది?

ఈరోజు ఒక శిష్యుడి తరఫున టైలరు కూర్చున్నాడు. కరెంటు పని చేసే ఒకాయన ఉన్నాడు, అందరూ అనుమానం అన్న అంటారు. ఆయన వదల్లేదు. మీ గురువుని పట్టుకెళ్తుంటే నువ్వెక్కడున్నావయ్యా అని అడిగాడు. పారిపోయానండీ అన్నాడు టైలరు. మరి పారిపోయినోడి మాట మేమెందుకు నమ్మాలి అన్నాడు అనుమానం అన్న. గదంతా నవ్వులు.

అప్పుడు మా ఆయన లేచి, అందుకే నమ్మాలి అన్నారు. కథ అల్లేవాడు తనని తాను మొనగాడిగా అల్లుకుంటాడుగానీ పిరికివాడిగా చెప్పుకుంటాడా అన్నారు. మూడోరోజు పొద్దున సమాధి దగ్గరికి వెళ్ళి, గురువు బతికి లేచారని మొదట చెప్పింది కూడా ఆడవాళ్ళట. ఆ కాలంలో ఆడదాని మాటకి విలువే లేదట. కల్పించాలనుకుంటే ఎవరో పెద్దమనిషిని పంపేవాళ్ళు కదా అన్నారు. తమకి తలవంపులయ్యే సంగతిని దాచకుండా చెప్పారంటే, అది జరిగి ఉండాలి అన్నారు.

నేను టీ గ్లాసులు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడిపోయాను.  నేను అయిదో క్లాసుతో ఆపేసినదాన్ని. చిన్నప్పటినుంచీ పాటలు పాడుతూ నమ్మాను. ఎందుకు నమ్మాలో ఎవరూ చెప్పలేదు. ఈయన చెప్పారు.

టీ చల్లారిపోయింది. ఆయన అక్కగారు, మా వదిన, నన్ను చూసి కళ్ళెర్రజేసింది.

ఫిబ్రవరి 6, మంగళవారం

కుళాయి దగ్గర టైలరు భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. చచ్చి బతికిన మనిషివట కదే తల్లీ, ఒక్కనాడైనా చెప్పావు కాదు అంది. వేళాకోళం అనుకున్నాను. కాదు.

పక్క ఊరి చర్చి సంఘంలో మా ఆయన చెప్పారట. వానాకాలంలో నాకు విషజ్వరం వచ్చిందట. నాడి ఆగిపోయి నర్సు నా ముఖం మీద గుడ్డ కప్పేసిందట. ఆయన నా తలదగ్గర మోకరించి ప్రార్థన చేస్తే, నేను లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగానట.

నేను తల వంచుకుని బిందె ఎత్తుకున్నాను. ఆవిడ సిగ్గనుకుంది. నాది ఎప్పుడూ సిగ్గే అనుకుంటారు.

ఫిబ్రవరి 7

నాకు జ్వరం రాలేదు.

ఫిబ్రవరి 8, గురువారం, మధ్యాహ్నం

వదిన సంతకి వెళ్ళింది. రాసేస్తాను.

నాకప్పుడు ఆరో నెల. బాత్రూంలో బట్టలు పిండుతుంటే నడుములో ఏదో తెగినట్టయింది. వదిన పరిగెత్తుకొచ్చింది. నన్ను ఆటోలో పడుకోబెట్టి తల ఒళ్ళో పెట్టుకుంది. దారంతా ఆటో అతన్ని తిడుతూనే ఉంది, గుంటలన్నీ నీకే కావాలా నాయనా అని. వార్డులో నా వేళ్ళు పట్టుకుని వదల్లేదు. నర్సు గుడ్డ కప్పిన మాట నిజమే. నా ముఖం మీద కాదు. ట్రేలో ఉన్న బిడ్డ మీద. ఒకసారి తీయమని అడిగాను. తీసింది. చూశాను.

ఆయన ఊళ్ళో లేరు. వేరేచోట మూడు రోజుల సభల్లో ఉన్నారు. వదిన ఫోన్ చేస్తే ఆఖరి మీటింగ్ చెప్పేసి వస్తాను అన్నారు. చెప్పేసే వచ్చారు. అప్పటికి నేను ఇంట్లో మంచం మీద ఉన్నాను. గుమ్మంలో నిలబడి, దేవుడి చిత్తం అన్నారు. ఇంకేమీ అడగలేదు. మొహం కడుక్కోవడానికి వెళ్ళారు.

నేను తప్పుపట్టలేదు. దేవుడి పనిమీదే కదా వెళ్ళారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కొన్ని రోజులు అలాగే సర్దిచెప్పుకుంటూ తిరిగాను.

ఇప్పుడు ఆయన ఆ గదిలో ఉన్నారట. బిడ్డ లేదట.

ఫిబ్రవరి 10, శనివారం

క్లాసులో నలుగురు నా కథ చెప్పారు. ఒకరు నాడి సంగతి, ఒకరు మంచినీళ్ళ సంగతి. ఒకావిడైతే డాక్టరు ఏడ్చాడని కూడా చేర్చింది. ఎవరు చెప్పగా విన్నారు అని మనసులోనే అడిగి చూశాను. నలుగురి వెనకా ఉన్న నోరు ఒక్కటే.

వచ్చే శనివారం పెద్దయ్యగారు వస్తున్నారు. అన్ని సంఘాల మీదా ఆయనే పెద్ద. నచ్చితే మా ఆయన్ని టైపు పని మానిపించి బోధకుడిగా పెట్టుకుంటారట. ఆరోజు సాక్షి కుర్చీలో నేను కూర్చోవాలి. ఫోన్‌లో రికార్డు చేస్తారట.

నన్ను ముందుగా ఎవరూ అడగలేదు. అందరి ముందూ చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫిబ్రవరి 11, ఆదివారం

అడిగాను. చొక్కా గుండీ కుడుతూ, తల ఎత్తకుండా, జరగనిది ఎందుకు చెప్పారండీ అని అడిగాను.

ఆయనకి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. పక్కన కూర్చుని నచ్చజెప్పారు. వాదనతో తల వంగుతుందిగానీ మనసు వంగదే, బతికున్న మనిషినొకరిని చూపిస్తే వంగుతుంది అన్నారు. నువ్వు బతకడం అబద్ధమా అన్నారు. మరి బిడ్డ సంగతి అన్నాను. అది చెబితే, అప్పుడు ప్రార్థన ఏమైంది అని అడుగుతారు అన్నారు.

నువ్వేమీ మాట్లాడక్కర్లేదు, పెద్దయ్యగారు అడిగినప్పుడు తల ఊపు చాలు అన్నారు. నీకెలాగూ మాటలు రావుగా అని నవ్వారు. ప్రేమగానే నవ్వారు.

సూది గుచ్చుకుంది.

ఫిబ్రవరి 14, బుధవారం

నాలుగు రోజులుగా ఒకటే గుబులు. పక్కగదిలో నేను బతికుండగానే, ఏడాది తిరక్కుండానే ఈయన ఇంత కథ అల్లారు. అంత పాతకాలంలో ఆ శిష్యులు ఎంత అల్లి ఉండరు? నాకు ఆధారాలు చూపించిన మనిషే ఆ ఆధారాలన్నిటి మీదా మసి పూశారు. ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే ఈయన గొంతే వినిపిస్తోంది.

వదినని అడిగాను. పెద్దయ్యగారు నిన్ను కూడా అడిగితే ఏం చెబుతావు అని. పొయ్యిగట్టు తుడుస్తోంది. తుడిచినచోటే తుడుస్తూ, నేను అక్కడ లేననుకో అంది. తమ్ముడికి ఇన్నాళ్ళకి ఓ దారి దొరికింది, నీ నోటితో చెడగొట్టకు అంది. తర్వాత నా తలకి నూనె రాస్తాను రమ్మంది. వెళ్ళలేదు.

సాయంత్రం

బట్టలు మడతపెడుతుంటే తట్టింది. ఆ శిష్యుల కథలో వాళ్ళు పారిపోయారు. ఈయన కథలో ఈయన నా తలదగ్గర ఉన్నారు.

ఫిబ్రవరి 17, శనివారం

కుర్చీలో కూర్చున్నాను.  ఫోన్ నా మొహానికి ఎదురుగా పెట్టారు.

పెద్దయ్యగారు మంచివారు. మెల్లగా అడిగారు. అమ్మా, ఆ రోజు నీ తలదగ్గర మోకరించింది నీ భర్తేనా అన్నారు. తల ఊపితే సరిపోయేది.  వదిన అన్నాను. వినపడలేదన్నారు. మళ్ళీ చెప్పాను. ఆయన ఊళ్ళో లేరండీ, జ్వరం కాదండీ, ఆరో నెలలో బిడ్డ పోయిందండీ అన్నాను. ఇంతమంది ముందు ఇన్ని మాటలు నేనెప్పుడూ మాట్లాడలేదు.

 అందరూ వదిన వైపు చూశారు. వదిన నేల వైపు చూసింది.

అప్పుడు మా ఆయన లేచారు. గొంతులో ఎంత జాలో. అప్పటినుంచీ ఇంతేనండీ, మనిషి కోలుకుందిగానీ అని ఆగి, వేలితో తల చూపించారు. అయ్యో అన్నారు అందరూ. ఒళ్ళు తెలియని మనిషికి పక్కన ఎవరున్నారో ఎలా తెలుస్తుంది తల్లీ అన్నారు పెద్దయ్యగారు. ఫోన్ ఆపేశారు.

అనుమానం అన్న ఒక్కడే చెయ్యెత్తాడు. మాస్టారూ, ఇలా చెబితే ఆవిడకేం దక్కుద్దండీ అని అడిగాడు.  పెద్దయ్యగారు ప్రార్థనకి లేవమన్నారు. లేచాం.

ఆడదాని మాటకి విలువ లేని కాలం అన్నారు మా ఆయన. ఏ కాలమో అడగలేదు నేను.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఆరాధనకి వెళ్ళాను. ఆడవాళ్ళు నాకు చోటిచ్చి కొంచెం దూరం జరిగి కూర్చున్నారు. పాట పాడాను. మా ఆయన మీద నమ్మకం పోయింది. ఆయన చెప్పిన సువార్త మీద పోలేదు. ఇది ఎలా కుదురుతుందో నాకు తెలియదు. కుదిరింది.

ఫిబ్రవరి 21

ఆఫీసునుంచి పెందలాడే వచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా, మన బిడ్డ ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగారు.

మీరు అక్కడే ఉన్నారు కదండీ, చూడలేదా అన్నాను.