ఏసీ గదిలో మంకీ క్యాప్

మార్చి 6
బెంగళూరులో మొదటి కీమో అయింది. నాకు ముప్పై మూడేళ్లు. ఏడాదిగా మొలలు అనుకుని మాత్రలు మింగాను. తీరా చూస్తే పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కీ పాకింది. పోయిన నెల పేగులో గడ్డ కోసేసి, మలం పోవడానికి పొట్ట మీద దారి పెట్టి బ్యాగ్ తగిలించారు. కీమోతో లివర్ మచ్చలు చిన్నవైతే వాటినీ తీస్తారట. కాకపోతే ఏంటని మా ఆయన గోపి అడగలేదు. నేనూ అడగలేదు.

మార్చి 8
ఈ మందు పడ్డాక చల్లనివేవీ తాకకూడదు. మరిచిపోయి ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టాను. వేళ్లకు కరెంట్ కొట్టినట్టయింది. మా అత్త దాసమ్మ ఫ్రిజ్‌కి తాడు కట్టేసింది. "ఇంగ దీని జోలికి పోవద్దు. ఏం గావాల్నో నన్నడుగు."

ఏప్రిల్ 15
కీమోల మధ్యలోనే డ్యూటీకి వెళ్లాను. సోలార్ పార్క్ కంట్రోల్ రూమ్. బయట నిప్పులు, లోపల ఏసీ. స్వెట్టర్, గ్లౌజులు, మంకీ క్యాప్ వేసుకుని కూర్చున్నాను. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసర్ నన్ను చూసి, ఇంత ఏసీ ఎందుకని ఇన్‌చార్జ్ గిరీశ్‌ని తిట్టి ఆపించాడు. అందరూ చెమటలో తడిసిపోయారు. నాకు మాత్రం హాయిగా ఉంది.

మే 12
నిడుగల్లులో బంధువుల గృహప్రవేశం. అయ్యవారు మంత్రం ఆపి కళ్లు మూసుకున్నారు. ఇల్లంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే నా బ్యాగ్ బుర్రుమంది. దాన్ని ఆపడం నా చేతిలో లేదు. తలలన్నీ ఇటు తిరిగాయి. చచ్చిపోవాలనిపించింది.

"నాదేలే సామీ. పొద్దున్నే శెనిక్కాయలు తిన్న్యా. మీరు కానీండి," అంది అత్త.

మళ్లీ బుర్రుమంది.

"ఉడకబెట్టినేటివి," అంది అత్త.

బస్సులో తలుచుకుని తలుచుకుని నవ్వాను. మధ్యలో ఏడుపొచ్చింది. "నవ్వుతాండావా, ఏడుస్తాండావా? ఏదో ఒగటి చెయ్యి," అని అత్త కసిరి, నా చెయ్యి మాత్రం పావగడలో బస్సు దిగేదాకా వదల్లేదు.

జూన్ 19
రేపు స్కాన్. గోపి ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశాడు. ఇద్దరం అలాగే తినేశాం.

జూన్ 21
మచ్చలు చిన్నవయ్యాయి. ఆపరేషన్ చేయొచ్చన్నాడు డాక్టర్. అర్థం కాలేదని గోపి మళ్లీ చెప్పించుకున్నాడు. అర్థమయ్యాక మూడోసారి కూడా చెప్పించుకున్నాడు.

జులై 26
ఐసీయూ నుంచి వార్డుకి తెచ్చారు. మచ్చలన్నీ తీసేశారట. మళ్లీ రావచ్చు, చూసుకుంటూ ఉండాలట.

ఆకలేస్తోంది.