నాయన బావి తాబేలుకు కేరళ తోడు

12 జూన్ 1978, నంద్యాల
ఆళ్లగడ్డ నుంచి అన్న ఉత్తరం. బావి లోతు చేయించడం అయిందట, నీళ్లు బాగా పడ్డాయట. ‘నాయన బాయి ఖాళీగా ఉండకూడదు. క్రిస్మస్ అయినంక వస్తా. తాబేలుకు పిల్లుంటే పిల్లను ఇయ్యి, లేకుంటే తల్లినే పట్కపోతా.’
నాయన పోయాక, బావిలో దిగి తవ్వేటప్పుడు, తాబేలును పైకి తీసి నాకిచ్చింది తనే. రెండేళ్లయింది. ముసలిది, ఎడమ కన్ను లేదు. మళ్లీ అంత లోతుకు దించితే…
మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, “ఒక్క తాబేలుకు పిల్లలెట్ల పుడతాయో మీ అన్ననే అడుగు.”

13 జూన్
నాయన బావి గట్టు మీద నిలబడి చేద వదిలేవాడు. “రా తల్లీ” అనేవాడు. ఒక్కోసారి చేదలోకే వచ్చేది. ఒక తాబేలుంటే నీళ్లలో పురుగు నిలవదని ఆయన నమ్మకం. పైకి తీసి, నా పావడా మీద పెట్టి, వీపు తోమి, మళ్లీ దింపేవాడు. ఆయన చేతులకు పాచి వాసన. సబ్బుతో కడిగినా పోయేది కాదు.

20 జూన్
పక్కింటి మస్తాన్‌బీ దగ్గర మగది ఉంది. వాళ్లాయన రైల్వే పని మీద కేరళ వైపు పోయి తెచ్చాడు. మాదానికి చుట్టమే గానీ రకం వేరు. మాది తలంతా నలుపు. దానికి నడినెత్తిన నల్ల టోపీ పెట్టినట్టు, చెవుల వెంట లేత పసుపు.
“తీస్కపో అక్కా. తిని పండుకునేదే గాని ఏం పనుండాది దానికి?”
మా జాతిదే దొరికేదాకా ఆగాలా? ఎక్కడ వెతకను… క్రిస్మస్ ఆగదు.

21 జూన్
మగదాన్ని తెచ్చి, మాది ఉండే తొట్టిలో వదిలాను. మాది ఇటుక కింద దూరింది.

9 జూలై, ఆదివారం
చర్చి నుంచి వచ్చేసరికి రెండూ ఒకచోట. తేదీ రాసి పెడుతున్నాను. సిగ్గెందుకు.

18 సెప్టెంబరు
మల్లెపాదు పక్కన తడిమట్టి తవ్వి ఐదు గుడ్లు. పొడుగ్గా, తెల్లగా, పింగాణీలా గట్టిగా. కుండలో ఇసుక పోసి వంటింటి మూల పెట్టాను.
అమ్మ కోడిని పొదగేసేటప్పుడు బొగ్గుతో గుర్తు పెట్టేది. నేనూ పెట్టాను. కోడి తన గుడ్లను తానే తిప్పుకుంటుంది. ఇది పెట్టి పోయే జాతి. తిప్పే పని నాదే. పొద్దున గుర్తు పైకి, సాయంత్రం కిందికి.

2 అక్టోబరు
ఐదోదాన్ని పెట్టిన మరునాటి నుంచే తిప్పలేకపోతున్నాను. సన్నని పగులు పడి కుండ లోపలి గోడకు అతుక్కుంది. లాగితే పగులుతుందేమో. అట్లే వదిలాను. అది దండగే అనుకుంటాను.

11 నవంబరు
ఆయన బడి నుంచి వస్తూనే వంటింట్లోకొచ్చి నిలబడ్డారు. చెప్పులు కూడా విడవలేదు. సైన్సు మాస్టారుతో మాటల్లో తాబేలు గుడ్ల సంగతి వచ్చిందట. “పెట్టినవి పెట్టినట్టే ఉండల్లంట. కోడిగుడ్డు కాదంట. తిప్పితే లోపల పిల్ల బతకదంట.”


12 నవంబరు
నాలుగూ పగలగొట్టి చూశాను. రెండింటిలో కళ్లు కూడా ఏర్పడ్డాయి. మిరియపు గింజల్లా.
పొద్దున ఆరు, సాయంత్రం ఆరు. ఒక్క పూట కూడా తప్పలేదు నేను.
మల్లెపాదులోనే పూడ్చాను.

13 నవంబరు
ఐదోది ఉంది. దాని జోలికి పోను. చూడను కూడా.

6 డిసెంబరు
పొద్దున పాలు కాస్తుంటే ఇసుకలో చిన్న గీత. వచ్చింది. నిమ్మకాయ చెక్కంత. పొట్ట కింద పచ్చసొన ఇంకా ఉంది. వీపు నల్లగా, అచ్చం మాదే. చెవుల వెంట మాత్రం పసుపు… అంత లేతగా కాదు, మసి కలిసిన పసుపు. రెండు రకాలూ ఒక్క తలలో.
మస్తాన్‌బీ వచ్చి చూసి, “మా వాని పోలికే అక్కా. ఇంగ మనం వియ్యపురాళ్లం.”
చాలా రోజుల తర్వాత నవ్వాను.

20 డిసెంబరు
అన్న ఒప్పుకుంటాడా? పిల్ల చాలదంటే తల్లి పోతుంది. ఆయన సలహా: “చెప్పొద్దు. చిన్నప్పుడు ఆ పసుపు ఉంటుంది, పెద్దయితే పోతుంది అను.”

3 జనవరి 1979
అన్న వచ్చాడు. తడి గోనెసంచి తెచ్చాడు.
పిల్లను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. “తల్లి మాదిరే ఉండాది మే.”
అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను.
“తండ్రి వేరే రకం అన్నా. కేరళది.”
“నాయన బాయిలోకి కేరళదా?”
“సగమే.”
“సగమేంది… అట్లయితే పెద్దదాన్నే ఇయ్యి.”
తొట్టిలోంచి తీసి ఇచ్చాను. అన్న చేతుల్లో తల లోపలికి లాక్కుంది, బయట పెట్టలేదు. కాఫీ చల్లారింది. “రా తల్లీ” అన్నాడు మెల్లగా, అచ్చం నాయన గొంతుతో. అది రాలేదు. తిరిగి తొట్టిలో పెట్టాడు. రెండడుగులు వేసి ఇటుక కిందికి పోయింది.
“గుడ్డిదైపోతాంది గదమ్మే ఇది.”
“ఒక కన్ను బాగానే ఉంది.”
“నాయన ఉంటే ఏమంటుండెనో.”
నాకూ తెలియదు. ఇన్నాళ్లూ తెలుసనుకున్నాను.
“ఏది పట్కపోతానో గుడ్ ఫ్రైడేకు చెప్తాలే” అని నాలుగు గంటల బస్సుకు పోయాడు.

4 జనవరి
గోనెసంచి తొట్టి గట్టు మీదే ఉంది. మరిచిపోయాడా, మళ్లీ వస్తాను గదా, మోయడం ఎందుకని పెట్టిపోయాడా… ఎండకు ఆరింది. మడతపెట్టి లోపల పెట్టలేదు నేను.