నీకు పెట్టిన చేప

రెడ్డెప్పన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. గల్ఫ్‌కొచ్చి షుఐబాలో నువ్వు చేసిన పనే ఇప్పుడు నేను చేస్తున్నాను. సముద్రపు నీళ్లు, వాటిని మంచినీళ్లు చేసే ప్లాంటులోకి వచ్చేచోట జల్లెడలో చిక్కుకున్న నాచు, చేపలు తీసేస్తున్నాను. మంచి చేప దొరికితే నువ్వు రూముకు తెచ్చి పులుసు పెట్టేవాడివి కదా. నీకిష్టమని నిన్న ఒకటి తెచ్చి ఫ్రిజ్‌లో దాచాను.

ఈ పొద్దున ప్లాంటులో నిబంధనలు మార్చారు. సముద్రానికి అవతలి ఒడ్డున అణు విద్యుత్ కేంద్రం ఉంది కదా, అక్కడి నుంచి రేడియేషన్ నీళ్లలో కలిస్తే ముందే తెలియాలట. జల్లెడ దగ్గర కొత్త మీటరు బిగించారు. ఫోర్‌మన్ బాషా అందరికీ గ్లౌజులు పంచాడు.

"ఇంగ చాపలు రూముకు తీస్కపోగాకండి. సంచిలో యేసి, సీలేసి ల్యాబుకు పంపల్ల."

"ఏమన్నా అయిందా బాషాన్నా?" అని అడిగాను.

"ఏం కాల్యా. అయితాదేమోనని."

"మరి ఇన్నాళ్లూ తింటిమే?"

"అది ఖలాస్. యల్లా, పనికి పాండి" అన్నాడు. అంటున్నప్పుడు నా మొహం చూడలేదు.

సాయంత్రం పులుసు పెట్టి నీ ఫోటో ముందు ఉంచాను. నీకు పెట్టింది తర్వాత మేం పంచుకుని తినాలి. రూములో ఒక్కరూ పళ్లెం వైపు చెయ్యి చాపలేదు. నేనూ చాపలేదన్నా, ఏమనుకోవద్దు. క్యాంపు పిల్లికి వెయ్యడానికీ చెయ్యి రాలేదు. మూటకట్టి చెత్తలో వేశాను.

ఉత్త పచ్చడితో అన్నం తిన్నాం. కుళాయి దగ్గర గ్లాసు నింపుకుని సగం తాగాక గుర్తొచ్చింది, అవీ మన జల్లెడ దాటి వచ్చిన నీళ్లే. మిగతా సగం కూడా తాగాను.

నీ తమ్ముడు