లెక్కల పరీక్ష రాసినామె

ప్రియమైన అక్కకి,
నవ్వకు. నేను కాలేజీలో చేరాలనుకుంటున్నాను, అదీ నువ్వు దరఖాస్తులు చూసే కాలేజీలోనే. నర్సింగ్ డిగ్రీకి. పదమూడేళ్ళుగా లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను. ఇక వాటి మీద పడుకునేవాళ్ళని చూసుకోవాలనుంది. ఏమేం కావాలో రాయి.
నీ మొండి చెల్లి

ప్రియమైన మొండిదానా,
నవ్వలేదు, కళ్ళనీళ్ళు తిరిగాయి. రాసుకో. పన్నెండో తరగతి పాసవ్వాలి, అందులో లెక్కలు తప్పనిసరి. ముప్పై దాటినవాళ్ళు పనిచేసిన చోటినుంచి అనుభవం కాగితం, బంధువులు కానివాళ్ళ సిఫారసు ఉత్తరం తేవాలి. ఆపైన ఇంటర్వ్యూ. మిగతావాటికి ఎంతో కొంత సడలింపు ఉంది గానీ లెక్కలకి లేదు. నువ్వు ఆ పరీక్షే రాయలేదు కదా, ఇప్పుడైనా రాయాలి.
అన్నట్టు, నిన్న నీ పేరున దరఖాస్తు ఒకటి వచ్చింది. దస్తూరీ నీదే. నాతోనా పరాచికాలు?
ప్రేమతో, అక్క

ప్రియమైన అక్కకి,
ఒట్టు, నేనేం పంపలేదు. లెక్కల పరీక్ష రోజు పొద్దున అమ్మ పడిపోయింది, చెప్పులైనా వేసుకోకుండా డాక్టరు కోసం పరిగెత్తాను. ఆ తర్వాత అమ్మ ఐదేళ్ళు మంచంలో బతికింది. నువ్వప్పటికే ఉద్యోగంతో దూరాన ఉన్నావు, పక్కన ఉన్నది నేనొక్కదాన్నే. ఆ దరఖాస్తు చించెయ్. నాకు భయంగా ఉంది.
చెల్లి

ప్రియమైన చెల్లీ,
చించలేకపోయాను. అందులో లెక్కల మార్కులున్నాయి, డెబ్బై ఎనిమిది. బోర్డుకి ఫోన్ చేస్తే నిజమేనన్నారు. ఇవాళ ఆమె ఇంటర్వ్యూకి వచ్చింది. నువ్వేనే, గడ్డం కింద మచ్చతో సహా! "అమ్మని పక్కింటావిడకి అప్పజెప్పి పరీక్షకి వెళ్ళాను అక్కా. తిరిగొచ్చేసరికి అమ్మ లేదు" అంది. నోరు జారి, నీ దగ్గర అమ్మ ఐదేళ్ళు బతికిందని చెప్పేశాను. ఇక ఆమె సీటు ఊసే ఎత్తలేదు. "ఆ ఐదేళ్ళూ ఎలా ఉండేది?" అని ఒకటే అడగడం. నాకేం తెలుసు? నీ అడ్రసు ఇచ్చాను. తప్పు చేశానేమో.
ఆమె కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. సీటు ఆమెకిస్తే నీ పేరున ఇంకో సీటు ఎప్పటికీ ఇవ్వరు. ఏం చెయ్యమంటావు?
అక్క

ప్రియమైన అక్కకి,
ఆమె వచ్చింది. టీ ఇచ్చి కూర్చోబెట్టాను. రోజుకో ఏడాది చొప్పున అమ్మ సంగతులు చెప్తుంటే కళ్ళార్పకుండా వింది. నాలుగేళ్ళు చెప్పాక చూసుకుంటే అవి నాలో లేవు. ఆ రోజుల్లో అమ్మ ఏం అడిగేదో, నన్నేమని పిలిచేదో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. లెక్కలు మాత్రం మంచినీళ్ళ ప్రాయంగా వచ్చేస్తున్నాయి. ఆమె తన మార్కుల కాగితం బల్ల మీద పెట్టి, "ఆ చివరి ఏడు కూడా చెప్పు, ఇది నీదే, సీటూ నీదే" అంది.
అక్కా, అమ్మ నాకు ఇంక ఒక్క ఏడే మిగిలింది. అందులో ఏముందో నీకు రాయడానికి కూడా భయమేస్తోంది. సీటు ఆమెకే ఇచ్చెయ్. ఏడుస్తూనే రాస్తున్నాను, అయినా ఇచ్చెయ్. నాకు ఇస్త్రీ పెట్టె ఉంది.
తలుపు గడియ పెట్టుకున్నాను. ఆమె మెట్ల మీదే కూర్చుని, "ఒక్క రోజైనా చెప్పవే" అని నా గొంతుతోనే బతిమాలుతోంది.
నీ చెల్లి